గేటుకు వీపు పెట్టినవాళ్లు

ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీ గేటు ముందు, పట్టపగలు, రెండు వందల మంది చూస్తుండగా, అరవై దాటిన ఒక ఆడమనిషిని రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు. ఈడ్చినవాళ్లు కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు. అడ్డం పడదామని జనం ఒక్క ఊపున ముందుకు కదిలారు గానీ గేటు దాకా చేరలేకపోయారు. వాళ్లను ఆపింది పోలీసులు కాదు, కాంట్రాక్టరు రౌడీలూ కాదు. జబ్బకు ఎర్రగుడ్డ కట్టుకుని, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, గేటుకు వీపు పెట్టి జనానికి ఎదురు నిలబడ్డ ఇరవై మంది మన పార్టీ వాలంటీర్లు.

ఈ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పుకోవాలి. మన తప్పు మనం చెప్పుకోకపోతే అవతలివాడు చెబుతాడు, చెప్పి దాన్ని తన గెలుపు కింద రాసుకుంటాడు.

ఆ ఇరవై మందికీ అలా నిలబడటం నేర్పినవాడు ఫిట్టరు. నీళ్ల పంపుహౌసులో ముప్పై ఏళ్లుగా పైపులు బిగిస్తున్న మనిషి, ఆ పేట పార్టీ శాఖకు బాధ్యుడు. ఆ రోజు గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద, అందరికంటే మూడడుగుల ఎత్తున, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ఈల పట్టుకుని జరిగిందంతా చూశాడు. ఈల ఊదితే ఆ చేతుల గొలుసు విడిపోతుంది. అతను ఊదలేదు.

అసలు గొడవ సూదుల దగ్గర మొదలైంది. ఆస్పత్రి నుంచి మాసిన దుప్పట్లు మూటలు మూటలుగా లాండ్రీకి వస్తాయి. వాటిని మిషన్లలో వేసేముందు పొడుగాటి బల్ల మీద పరిచి, నెత్తుటివి ఒక పక్క, ఆపరేషన్ గదివి ఒక పక్క, దిండు గలేబులు ఒక పక్క ఏరాలి. ఏరేవాళ్లంతా ఆడవాళ్లు. నర్సులు తొందరలో మర్చిపోయిన ఇంజెక్షను సూదులు ఆ మడతల్లోనే ఉంటాయి. ఏ రోగి ఒంట్లో దిగిన సూదో తెలియదు. గుచ్చుకుంటే మూడు నెలలు ఆగి పరీక్ష చేయించుకోవాలి, ఆ మూడు నెలలూ ఇంట్లో పిల్లల్ని ముద్దు పెట్టుకోవడానిక్కూడా భయం. ఆ ఏడాది ఏడుగురికి గుచ్చుకుంది. ఏడుగురి చేతా కాంట్రాక్టరు ఒకే కాగితం మీద వేలిముద్ర వేయించాడు. 'ఇది నాకు ఇంటి దగ్గర గుచ్చుకున్నది' అని.

ఆ తర్వాత గుచ్చుకున్న ఎనిమిదో మనిషి వెయ్యనంది. ఏరే బల్ల దగ్గర పాతికేళ్లుగా ఉన్న మనిషి. లాండ్రీలో అందరూ అత్త అనే పిలుస్తారు, దాంతో ఆమె కొడుకు భార్య ఆ సందు మొత్తానికీ కోడలైపోయింది. కొడుకు లారీ మీద పోతే నెలలో పాతిక రోజులు ఇంటికి రాడు. ఇంట్లో అత్తా కోడళ్లిద్దరే. అత్త మందపాటి చేతి తొడుగులు కావాలంది, పరీక్షలూ మందులూ కాంట్రాక్టరే చూసుకోవాలంది, అబద్ధం మీద వేలు పెట్టనంది. మర్నాటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదన్నాడు కాంట్రాక్టరు. లాండ్రీ పగటి షిఫ్టు అంతా బయటికి వచ్చి గేటు ముందు కూర్చుంది. పార్టీ ఆ ఆడవాళ్ల వెనక నిలబడింది.

వెనక నిలబడటమంటే ఏమిటో ఫిట్టరుకు తనదైన లెక్క ఒకటుంది. మూడు ఆదివారాలు స్కూలు ఆవరణలో పిల్లలకు శిక్షణ ఇచ్చాడు. పిల్లలంటే పద్దెనిమిది నుంచి ముప్పై దాకా ఉన్నవాళ్లు. ఒక టైలరు, ఇద్దరు ఆటోవాళ్లు, కాలేజీ విద్యార్థులు, జిరాక్సు షాపులో పనిచేసే కోడలు. వేళ్లు వేళ్లు కలపొద్దు జారతాయి, మణికట్టు పట్టుకోండి అని చెప్పాడు. పైపు ఎక్కడా పగలదు, జాయింటు దగ్గరే కారుతుంది, మీరంతా జాయింట్లు అన్నాడు. ఈల వినపడేదాకా గొలుసు తెగకూడదు. మీ అమ్మొచ్చి అడిగినా వదలొద్దు, మీ అత్తొచ్చి అడిగినా వదలొద్దు. ఆ మాటకు అందరూ కోడలి వైపు చూసి నవ్వారు. కోడలు కూడా నవ్వింది.

ఇంటింటికీ వెళ్లి చెప్పడం కూడా అలాగే నేర్పాడు. ఆఫీసులో రాసిచ్చిన నాలుగు వాక్యాలు పొల్లుపోకుండా చెప్పాలి, రెండు నిమిషాల్లో బయటపడాలి. వాళ్లేమన్నా చెబితే ఏం చెయ్యాలని కోడలు అడిగింది. వినండి, తలాడించండి, వచ్చేయండి అన్నాడు ఫిట్టరు. ఎవరి గోడు వాళ్లు వెళ్లబోసుకుంటే సాయంత్రానికి నాలుగిళ్లు కూడా తిరగలేరని అతని భయం. ఆ భయంలో అబద్ధం లేదు, కానీ బుద్ధి కూడా లేదు.

కోడలు ఊరుకునే రకం కాదు. విన్నదంతా షాపులో చెత్తకింద పోయే కాగితాల వెనక రాసుకొచ్చింది. గేటు సభకు ముందురోజు వాటిని ఫిట్టరు చేతిలో పెట్టింది. అందులో ఏరే ఆడవాళ్లు నలుగురు ఒకే మాట చెప్పారు. అత్తను గేటు దగ్గర నిలబెట్టొద్దు, ఆ ఏడుగురిలో కొందరిని కూడా గేటు దగ్గరినుంచే లోపలికి లాగి వేలిముద్రలు వేయించారు. ఫిట్టరు ఆ కాగితాలు చూశాడు. ఇవి పెట్టడానికి మన రిపోర్టులో గడి లేదమ్మా అని నవ్వి, మడిచి బల్ల సొరుగులో వేశాడు.

మర్నాడు పదకొండు గంటలకు కార్మిక అధికారి దగ్గర చర్చలు. కాంట్రాక్టరు వస్తానన్నాడని, అప్పటిదాకా గేటు దగ్గర చీమ చిటుక్కుమనకూడదని పార్టీ కార్యదర్శి కబురు పంపాడు. జనం రెచ్చిపోకుండా చూడటం వాలంటీర్ల పని. అందుకే గొలుసు జనం వైపు తిరిగింది.

పదీ నలభైకి కాంట్రాక్టరు సూపర్‌వైజరు గేటు చిన్నతలుపు తీసి బయటికి వచ్చాడు. వెనక ఇద్దరు. అత్త గొలుసుకు అటు పక్క, గేటుకు దగ్గరగా ఉంది, చర్చలకు తీసుకెళ్లే బండి కోసం ఫిట్టరే ఆమెను అక్కడ నిలబెట్టాడు. లోపలికి రా మాట్లాడుకుందాం అన్నారు, రానంది. రెక్క పట్టుకున్నారు. జనం ఉరికారు. గొలుసు బిగుసుకుంది. ఇస్త్రీ సెక్షన్ ఆడవాళ్లు ముందువరసలో ఉన్నారు, వాళ్లలో ఫిట్టరు భార్య ఉంది. ఆమె గొలుసు మీద పడింది. టైలరు మోచెయ్యి ఆమె పక్కటెముకల్లో దిగింది.

గొలుసులో ఏడో మనిషి కోడలు. తల వెనక్కి తిప్పి చూసింది. తర్వాత దిమ్మె మీదున్న ఫిట్టరును చూసింది. ఊదు బాబాయ్ అని ఆ కళ్లు అడుగుతున్నాయని అతనికి అర్థమైంది. ఈల పెదాల దాకా వచ్చింది. కార్యదర్శి ఫోను ఎంతకీ కలవడం లేదు. ఇరవై నిమిషాలు, ఇంకొక్క ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే చర్చలు అనుకున్నాడు. చిన్నతలుపు మూసుకుంది.

కాంట్రాక్టరు చర్చలకు వెళ్లలేదు. వెళ్లే ఉద్దేశం వాడికి ఏనాడూ లేదు. పదకొండూ అయిదుకు తలుపు తెరుచుకుని అత్త బయటికి వచ్చింది. కుడి బొటనవేలికి సిరా. ఎడమ మణికట్టు విరిగి వేలాడుతోంది. ఈల మోగలేదు కాబట్టి గొలుసు అప్పటికీ అలాగే ఉంది. తన పక్షాన నిలబడ్డ పార్టీ పిల్లల చేతుల కిందనుంచి, విరిగిన చెయ్యి కడుపుకు అదుముకుని, వంగి బయటికి వచ్చింది ఆ మనిషి. వంగినప్పుడు కోడలి పక్కనుంచే వచ్చింది. ముఖం చూడలేదు.

సాయంత్రం పార్టీ ఆఫీసులో, సైకిలు షాపు మీది గదిలో, కార్యదర్శి లేచి నిలబడి వాలంటీర్లను మెచ్చుకున్నాడు. ఒక్క రాయి లేవలేదు, ఒక్క అద్దం పగల్లేదు, ఇంత క్రమశిక్షణ నగరంలో ఏ శాఖలోనూ చూడలేదన్నాడు. కాంట్రాక్టరు దుర్మార్గం లోకానికి తెలిసిందన్నాడు. చప్పట్లు మోగాయి. ఫిట్టరుకు తల కొట్టేసినట్టయింది. ఎదుట కూర్చున్న పిల్లల్లో టైలరు చప్పట్లు కొట్టలేదు, తన మోచేతిని తడుముకుంటూ కూర్చున్నాడు. కోడలు రానే లేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య గోడకు ఆనుకుని పక్కటెముకలకు వేడినీళ్ల గుడ్డ వేసుకుంటోంది. తడిపి పెడతానని చెయ్యి చాపాడు. ఆమె తనే తడిపి వేసుకుంది. కాసేపటికి, పిల్లలకు బాగానే నేర్పావయ్యా, ఒక్క చెయ్యి జారలేదు అంది. అందులో కోపం వినపడి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది.

సందులో ఏమనుకుంటున్నారో ఆమే చెప్పింది. అత్త మీద కక్ష తీర్చుకోవడానికి కోడలికి మంచి అదను దొరికిందట. కుళాయి దగ్గర బిందె పెట్టబోతే పక్కకు నెట్టారట. అత్త కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. కోడలు అన్నం కలిపి పెడితే పక్కింటావిడను పిలిచి తినిపించుకుంది.

"నువ్వు చెబితేనే ఆ పిల్ల నిలబడిందని ఎవరికైనా చెప్పావా?" అని అడిగింది భార్య.

"అది పార్టీ లోపలి విషయం."

"ఆ పిల్ల ముఖం మీద ఉమ్మేది బయట కదా."

అతను చాప పరుచుకున్నాడు. పడుకున్నాడే గానీ కళ్లు మూస్తే గొలుసు కింద వంగిన వీపు కనబడుతోంది. ఈల ఊదనందుకు సిగ్గు ఒక ఎత్తు. ఆ నింద కోడలి మీద పడిందని విన్నప్పుడు, అది తన మీదికి రానందుకు లోలోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాడే, ఆ సిగ్గు ఇంకో ఎత్తు. యాభై నాలుగేళ్ల బతుకులో తనను తాను ఇంత నీచంగా ఎప్పుడూ చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి దగ్గరకు వెళ్లాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. రెండేళ్లు జైల్లో ఉన్నాడు, సరిగ్గా తినక కడుపులో పుండు తెచ్చుకున్నాడు. ఫిట్టరు చెప్పిందంతా విన్నాడు. పొరపాటు జరిగింది, లోపల రాసుకుందాం, సమీక్ష చేసుకుందాం, బయట మాత్రం అనొద్దు అన్నాడు. పార్టీ తప్పు చేసిందని పార్టీ మనిషే జనంలో చెబితే రేపు మన మాట ఎవరు వింటారని అడిగాడు.

"ఇవాళ ఎవరు వింటున్నారు?" అన్నాడు ఫిట్టరు.

వెళ్లి చెబితే మాత్రం బాధ్యతల్లోంచి తప్పించాల్సి వస్తుందని, అది తన ఇష్టం కాదని, పద్ధతి అని కార్యదర్శి చెప్పాడు. ఫిట్టరు జేబులోంచి ఈల తీసి ఆయన బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు.

ఏరేవాళ్ల సందులో ఆదివారం పొద్దున ఆడవాళ్లంతా కుళాయి దగ్గర మీటింగు పెట్టుకున్నారు. పార్టీని పిలవలేదు. ఫిట్టరు పిలవకుండానే వెళ్లాడు, వెనకే టైలరూ మరో పదిమందీ వచ్చారు. ఎవరూ కూర్చోమనలేదు. ఒకామె బట్టలు పిండిన నీళ్లు అతని కాళ్ల దగ్గరే పారబోసింది. అత్త తన గుమ్మంలో చేతి కట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు లోపల ఉందో లేదో తెలియలేదు.

ఫిట్టరు ఉపన్యాసాలు చాలా చెప్పినవాడు. ఆ రోజు ఉన్న సంగతి మాత్రమే చెప్పాడు. ఈల తన దగ్గరుందని, కోడలు తన వైపే చూసిందని, ఊదలేదని చెప్పాడు. లోపలికి లాగుతారని మీరు నలుగురు ముందే చెప్పారు, కోడలు రాసి తెచ్చి ఇచ్చింది, నేను సొరుగులో పడేశానని చెప్పాడు. అత్తను గేటు దగ్గర నిలబెట్టింది కూడా నేనేనని చెప్పాడు. అక్కడికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు.

ఎవరూ కరగలేదు. కరగాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఏరే బల్ల దగ్గరి బక్కావిడ ఒకామె, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ ఇరవై నిమిషాలూ మీ అక్కో చెల్లెలో లోపల ఉంటే ఊదేవాడివా ఊదవా అని అడిగింది. ఊదేవాడినే అన్నాడు ఫిట్టరు. సందంతా ఆ జవాబు విన్నది. దానికంటే వేరే శిక్ష ఎవరూ వెయ్యనక్కర్లేదు.

అప్పుడు అత్త గుమ్మంలోంచి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఏడిస్తే ఏడ్చావులే ఫిట్టరూ. నీ ఏడుపుతో మాకు పనిలేదు. మా బల్ల దగ్గర పని ఎలా జరుగుతుందో ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. మూడు వారాలుగా వాళ్ల తరఫున కరపత్రాలు రాస్తున్నాడు గానీ, ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా అడగలేదు. అత్త చెప్పింది. దుప్పటి ఎప్పుడూ దులపరు. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మెల్లగా పరుస్తారు. సూది ఎవరి కంట పడితే వాళ్లు 'సూది' అంటారు, అంతే, బల్ల మీదున్న చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

"నిన్న చేరిన పిల్ల అన్నా ఆగుతాం. నా చెయ్యి కూడా ఆగుతుంది. మేస్త్రీ వైపు చూసి, ఆపమంటారా అని అడిగేలోపు గుచ్చుకుంటుంది. చూసినోళ్లదే మాట. మీ పిల్లలకి కళ్లిచ్చి నోరు నీ దగ్గర పెట్టుకున్నావు నువ్వు."

టైలరు ముందుకొచ్చి, ఇరవై మంది ఇరవై మాటలంటే గొలుసు ఏం కావాలని అడిగాడు. అడిగిన తీరులో పొగరు లేదు, నిజంగానే తెలియక అడిగాడు. రోజుకు వెయ్యి దుప్పట్లు ఏరుతున్నాం, ఇంతవరకు ఒక్కరు కూడా ఉత్తినే ఆపలేదంది బక్కావిడ. ఆపితే బల్ల చుట్టూ ఉన్నవాళ్ల తిట్లకు మూడు రోజులు అన్నం సహించదంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆ సందులో ఎవరో నవ్వారు.

అక్కడే వాదనలు మొదలయ్యాయి. పార్టీ వద్దే వద్దని కొందరు, పార్టీ లేకపోతే పోలీసు స్టేషనుకు ఎవరొస్తారని కొందరు. రెండు గంటలు అరుచుకున్నారు. చివరికి తేలింది ఇది. పార్టీ ఉండొచ్చు, వాలంటీర్లు ఉండొచ్చు, శిక్షణ మాత్రం ఏరేవాళ్లు ఇస్తారు. గొలుసు జనం వైపు కాదు, గేటు వైపు తిరగాలి. చెప్పడానికి వచ్చిన ప్రతి వాలంటీరూ వాళ్లు చెప్పింది విని తీసుకెళ్లాలి.

మూడు రోజులు సాయంత్రాలు అదే కుళాయి దగ్గర శిక్షణ జరిగింది. పాత దుప్పటి పరిచి ఏరేవాళ్లు నేర్పారు, కాలేజీ పిల్లలూ ఆటోవాళ్లూ మూలలు పట్టుకున్నారు. కళ్లు ఎక్కడ పెట్టాలి, పక్కవాడి చెయ్యి ఆగితే తన చెయ్యి ఎలా ఆగాలి, మాట ఎంత గట్టిగా అనాలి. అందరికంటే మొద్దు విద్యార్థి ఫిట్టరే. మడతలో దాచిన పుల్ల కనబడగానే నోరు తెరవకుండా చుట్టూ చూసేవాడు, ఎవరో అనుమతివ్వాలన్నట్టు. మీ ఆయన పైపులు కూడా అడిగే బిగిస్తాడా అని ఆడవాళ్లు అతని భార్యను ఆట పట్టించారు. ఇంట్లో అడిగి చచ్చాడు కాదు గానీ అని ఆమె అంది. అతను తల దించుకుని మళ్లీ మూల పట్టుకున్నాడు.

కోడలు మొదటిరోజే వచ్చింది. అందరూ జరిగి చోటిచ్చారు. కుళాయి దగ్గర బిందె నెట్టినామె తనే ఆ బిందె నింపి ఇంటికి చేర్చింది. అత్త మాత్రం మాట్లాడలేదు. తప్పెవరిదో తెలిసింది, తెలిసినంత మాత్రాన ఆ చేతుల కిందనుంచి వంగిన సంగతి మర్చిపోవడం ఎవరి తరం. మర్చిపొమ్మని కోడలు అడగనూ లేదు. బాబాయ్, నువ్వు ఊదకపోయినా నేను వదిలేసి ఉండొచ్చు కదా అని ఫిట్టరుతో ఒకసారి అంది. ఆ పిల్లకు ఆ ప్రశ్న జీవితాంతం ఉంటుందని, అది తను పెట్టిన ప్రశ్న అని అతనికి తెలుసు.

బుధవారం మధ్యాహ్నం కాంట్రాక్టరు మాసిన బట్టల లారీని, కొత్త పనివాళ్లను ఎక్కించిన వ్యానును తెచ్చాడు. పోలీసులు కూడా వచ్చారు. ఈసారి గొలుసు గేటు వైపు తిరిగి ఉంది. ఏరేవాళ్లు, ఇస్త్రీ వాళ్లు, మిషన్ల వాళ్లు, వాలంటీర్లు కలగాపులగంగా చేతులు పట్టుకున్నారు, ఎర్రగుడ్డలు ఎవరికి దొరికినవి వాళ్లు కట్టుకున్నారు. ఫిట్టరు దిమ్మె ఎక్కలేదు. వరస చివర, లారీ టైరు పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి అతనికి ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనబడటం లేదు.

సూపర్‌వైజరు ఇంతకుముందులాగే ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడు పోలీసులతో మాట్లాడుతున్నట్టు నటిస్తూ బక్కావిడ వెనక్కి చేరాడు. రెక్క మీద చెయ్యి వెయ్యబోయాడు.

"సూది" అని కోడలు అరిచింది.

రెండు వందల మంది ఎక్కడివాళ్లక్కడ ఆగారు, ఆ మరుక్షణం బక్కావిడ చుట్టూ మూసుకున్నారు. ఒక్కరూ ఎవర్నీ కొట్టలేదు. ఆ మనిషి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తోసినా, లాఠీలతో పొడిచినా ఆ ముడి విడలేదు. లారీ వెనక్కి పోయింది. కొత్త పనివాళ్లలో సగం మంది వ్యాను దిగి, ఇక్కడ సూదులున్నాయా అని అడిగి, నడిచి వెళ్లిపోయారు.

ఇన్‌స్పెక్టరు ఫిట్టరు దగ్గరకే వచ్చాడు. ఆ పేటలో ఎర్రగుడ్డ అంటే వాడికి తెలిసిన ముఖం అదొక్కటే. ఆర్డరు ఎవరిచ్చారని అడిగాడు. నేనే అని చెప్పేస్తే ఎంత హాయి అనిపించింది ఫిట్టరుకు. జైలుకు పోతే ఆ సిగ్గు కొంతైనా కడుక్కుపోతుంది. నోరు తెరిచాడు కూడా. కానీ అది మళ్లీ వాళ్ల మాటను తన జేబులో వేసుకోవడమేనని అర్థమై నోరు మూసుకున్నాడు.

"నేనే అన్నాను. నేను ముందు చూశాను కాబట్టి" అంది కోడలు.

ఆ పిల్లను జబ్బ పట్టుకుని పోలీసు వ్యాను ఎక్కించారు. తలుపు వెయ్యబోతుంటే, జనంలోంచి అత్త నడిచి వచ్చింది. కట్టు ఉన్న చెయ్యి గుండెకు ఆనించుకుని, ఉన్న ఒక్క చేత్తో కడ్డీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా వ్యాను ఎక్కింది. లోపల బల్ల మీద కోడలు కూర్చుని ఉంది.

"జరుగు" అంది అత్త.

కోడలు జరిగింది. ఆ పక్క కాదు, ఈ పక్క కూర్చో, కుదుపుకి చెయ్యి నీకు తగులుతుంది అంది అత్త. అన్ని రోజుల తర్వాత ఆమె కోడలితో అన్న మాటలు అవే. కోడలు లేచి ఈ పక్క కూర్చుంది, ఏడుస్తూ. అత్త తన పమిట చెంగు ఆ పిల్ల ఒళ్లో పడేసి, ముక్కు తుడుచుకో, అందరూ చూస్తున్నారు అంది.

బక్కావిడ ఎక్కింది. టైలరు ఎక్కాడు. ఇస్త్రీ వాళ్లు ఆరుగురు ఎక్కారు. చోటు లేదు, దిగండి అని పోలీసులు అరుస్తుంటే ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ఫిట్టరు మెట్టు మీద కాలు పెట్టాడు. అత్త లోపలినుంచి చూసింది.

"నువ్వు దిగు" అంది. "రాత్రి షిఫ్టువాళ్లకి ఏమీ తెలియదు. ఇంటింటికీ వెళ్లి జరిగింది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, నువ్వు చేసిందీ కలిపి చెప్పు. వాళ్లేమంటారో విను."

అతను దిగాడు. వ్యాను తలుపు సగమే మూసుకుని కదిలింది.

ఆ సాయంత్రం ఫిట్టరు సందుకు ఎడమ పక్క ఇళ్లు, భార్య కుడి పక్క ఇళ్లు తిరిగారు. ప్రతి ఇంట్లోనూ మొదట తను ఈల ఊదని రోజు గురించి చెప్పాడు, ఆ తర్వాత ఈ రోజు గురించి చెప్పాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగారు, కోడల్ని ఎక్కించారు సరే, అత్త తనే ఎక్కింది సరే, నువ్వు బయట ఎందుకున్నావని. ఉండమన్నారు, ఉన్నానన్నాడు. నమ్మనివాళ్లు ముఖం మీదే తలుపేశారు. నమ్మినవాళ్లు లోపలికి పిలిచి చెప్పడం మొదలుపెట్టారు. మిషన్ల దగ్గర ఆవిరి గొట్టాలు కారడం, ఇస్త్రీ దగ్గర ఆడపిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం, వేలిముద్ర వేసిన ఏడుగురిలో ఒకామె ఇంకా పరీక్షకు పోవడానికి భయపడుతుండడం. ముప్పై ఏళ్ల పార్టీ మనిషి ఇవన్నీ మొదటిసారి వింటున్నాడు. విన్నకొద్దీ సిగ్గు తగ్గలేదు, పెరిగింది. అయినా కూర్చుని విన్నాడు.

మర్నాడు ఆరింటికి ఆస్పత్రి లారీ గేటు ముందుకొచ్చి నిలబడింది. గేటు బార్లా తెరిచి పెట్టారు. లోపలికి ఒక్క కాలు పోలేదు. రాత్రి షిఫ్టు, పగటి షిఫ్టు రెండూ రోడ్డు మీదే ఉన్నాయి, స్టేషను నుంచి తెల్లారగానే వదిలేసినవాళ్లు తిన్నగా అక్కడికే వచ్చారు. అత్త, కోడలు ఒకే గోనెసంచి మీద కూర్చుని ఉన్నారు. ఎనిమిదింటికి సూపర్‌వైజరు బయటికి వచ్చాడు. జనం వైపు చూడకుండా, అలవాటుగా ఫిట్టరు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. ఆస్పత్రివాళ్లు ఊరుకోవడం లేదు, మీవాళ్లకు ఏం కావాలో నువ్వు చెప్పు, మనిద్దరం కూర్చుని తేల్చేద్దాం అన్నాడు.

ఫిట్టరు తల ఎత్తలేదు.

"నాకు తెలియదు. వాళ్లను అడుగు" అన్నాడు.

సూపర్‌వైజరు ఇంకెవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. చివరికి జనం వైపు తిరిగి, మీకేం కావాలి అని అడిగాడు.

అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు.